పగలు తిరిగే లిఫ్ట్ తెల్లవారుజామున ఎందుకు ఆగింది: తిరుపతి లాడ్జిలో ఒక వీ3ఎఫ్ డ్రైవ్ కేస్ స్టడీ

తిరుపతి రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక యాత్రికుల లాడ్జి లిఫ్ట్ సంగతి ఇది. గ్రౌండ్ ఫ్లోర్ మీద ఐదు అంతస్తులు, అన్నిటికీ కలిపి ఒకటే లిఫ్ట్. పది మంది ఎక్కవచ్చు, అంటే 680 కిలోలు. వేగం సెకనుకు 1 మీటరు. చాలా ఏళ్లు టూ స్పీడ్ మోటారు, వర్మ్ గేరుతో నడిచింది. తర్వాత ఆ మెషిన్ తీయించి గేర్‌లెస్ మెషిన్, కొత్త ప్యానెల్, 5.5 కిలోవాట్ల వీ3ఎఫ్ డ్రైవ్ (వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) పెట్టించారు. క్యాబిన్ కూడా మార్చారు. ఆ పని చేసినవాళ్లు వేరు. వాళ్ల తర్వాత మెయింటెనెన్స్ నా చేతికి వచ్చింది.

మేనేజర్ ఫిర్యాదు ఆయన మాటల్లోనే: "పగలంతా బాగానే తిరుగుతాదన్నా. తెల్లారుజామున మూడు, నాలుగయితే చాలు, మధ్యలో నిలిచిపోతాది. ఎంసీబీ దించి ఎత్తితే మళ్లీ పోతాది. మెకానిక్ వచ్చేసరికి ఏ తప్పూ కనబడదు."

మామూలు రోజుల్లో అప్పుడప్పుడూ జరిగేది. తమిళుల పెరటాసి నెల శనివారాల్లో, బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశి ముందు మాత్రం వరసగా జరిగేది. తిరుపతిలో లాడ్జి నడిపేవాళ్లకి ఆ వేళ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. సర్వదర్శనం టోకెన్ల కోసం శ్రీనివాసం, విష్ణునివాసం, భూదేవి కాంప్లెక్స్‌కి పోయేవాళ్లు, నడకదారిన కొండెక్కాలని అలిపిరికి బయల్దేరేవాళ్లు, ముందే టికెట్ తీసుకుని టైముకి చేరాలనుకునేవాళ్లు, అందరూ ఒకేసారి కిందికి దిగుతారు. చంకలో పిల్లలు, మోకాళ్ల నొప్పులతో పెద్దవాళ్లు, చేతి నిండా సంచులు. అలాంటి పది మంది రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుంటే లోపల ఎంత టెన్షన్ పడతారో ఆలోచించండి. నెలల ముందు బుక్ చేసుకున్న దర్శనం పోతుందేమోనన్న భయం దానికి తోడు. పైగా రూమ్ బాయ్‌లు తలుపు బలవంతంగా తెరిచి మనుషుల్ని దించేస్తున్నారని తెలిసింది. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది అదే. క్యాబిన్ అడుగు భాగానికీ ఫ్లోర్‌కీ మధ్య ఖాళీ ఉన్నప్పుడు దిగబోయి జారితే మనిషి నేరుగా షాఫ్ట్‌లోకి పడతాడు.

అంతకు ముందు చేసిన ప్రయత్నాలు

డ్రైవ్ పారామీటర్లు, అంటే సెట్టింగులు చదివితే, నాకు ముందు వచ్చినవాళ్లు ఏమేం చేశారో అందులోనే కనిపించింది. ఫాల్ట్ పేరు డీసీ బస్ ఓవర్ వోల్టేజ్, అంటే డ్రైవ్ లోపలి డీసీ భాగంలో వోల్టేజ్ హద్దు దాటడం. ఫ్యాక్టరీల్లో డ్రైవ్‌లు చూసే ఎవరికైనా ఆ పేరు వినగానే తోచే మందు ఒకటుంది: మోటారును ఆపే సమయం పెంచడం. ఫ్యాన్‌నో కన్వేయర్‌నో గబుక్కున ఆపితే దాని ఊపు కరెంటుగా మారి డ్రైవ్‌లోకి వెనక్కి వస్తుంది. నెమ్మదిగా ఆపితే రాదు. అక్కడ అది సరైన వైద్యమే. ఇక్కడ కూడా అదే చేశారు. ఆపే సమయం పెంచితే లిఫ్ట్ ఫ్లోర్ దాటిపోతుంది కాబట్టి, దానికి సరిపడేలా టాప్ స్పీడును 1 మీటరు నుంచి 0.75కి తగ్గించారు. లిఫ్ట్ నత్తనడక నడిచింది, కింద క్యూ పెరిగింది, ట్రిప్ (ఫాల్ట్ వచ్చి డ్రైవ్ ఆగిపోవడం) మాత్రం పోలేదు.

రెండో మార్పు ఇంకా చెడ్డది. డ్రైవ్‌లో ఓవర్ వోల్టేజ్ స్టాల్ నివారణ అని ఒక సదుపాయం ఉంటుంది. బస్ వోల్టేజ్ పెరుగుతుంటే, ట్రిప్ కాకుండా ఉండటానికి డ్రైవ్ తనంతట తాను వేగం తగ్గించడం ఆపుతుంది, అవసరమైతే కాస్త పెంచుతుంది కూడా. బ్లోయర్‌కి అది మేలు. లిఫ్ట్‌లో దాన్ని ఆన్ చేస్తే, నిండా జనంతో కిందికి వస్తున్న క్యాబిన్ ఆగాల్సిన చోట ఆగదు. ఇక్కడ ఆన్‌లో ఉంది. గ్రౌండ్ ఫ్లోర్ దాటి కిందికి దిగి లిమిట్ స్విచ్ తగిలి ఆగిన సందర్భాలు ఉన్నాయని మేనేజర్ తర్వాత చెప్పాడు. లిఫ్ట్ డ్రైవ్‌లో ఈ సదుపాయం ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉండాలి. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. మిగతా పరిశోధన మొదలుపెట్టకముందే దాన్ని ఆపేశాను.

డ్రైవ్ లాగ్ చెప్పిన కథ

డ్రైవ్ తన చివరి పది ఫాల్ట్‌లను దాచి ఉంచుతుంది. ఒక్కోదాని పక్కన ఆ క్షణంలో బస్ వోల్టేజ్, వేగం, టార్క్ (మోటారు తిప్పే బలం) దిశ, హీట్‌సింక్ (డ్రైవ్ వేడిని బయటికి వదిలే లోహపు భాగం) వేడి ఉంటాయి. చాలామంది ఫాల్ట్ కోడ్ చూసి రీసెట్ నొక్కుతారు, పక్కన ఉన్న అంకెలు చూడరు. అసలు సమాచారం ఆ అంకెల్లోనే ఉంటుంది.

ఇక్కడ మూడు సంగతులు కనిపించాయి. ట్రిప్ అయినప్పుడు లిఫ్ట్ దాదాపు ఎప్పుడూ పూర్తి వేగంలోనే ఉంది, ఆగుతూ లేదు. టార్క్ ప్రతిసారీ బ్రేకింగ్ వైపే ఉంది. ఇంకా, ఎక్కువ ట్రిప్‌లు లిఫ్ట్ పైకి పోతున్నప్పుడు జరిగాయి.

మూడోది విని మేనేజర్ నమ్మలేదు. "పైకి పొయ్యేటప్పుడు లిఫ్ట్‌లో ఎవురూ ఉండరే! ఖాళీ లిఫ్ట్‌కి ఏం బరువు?" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. లిఫ్ట్ గురించి బయటివాళ్లకి తెలియని ముఖ్యమైన సంగతి కూడా అక్కడే ఉంది.

క్యాబిన్‌కి అవతలి వైపు రోప్‌కి కౌంటర్ వెయిట్ వేలాడుతుంది. దాని బరువు ఖాళీ క్యాబిన్ బరువు, దాని మీద కెపాసిటీలో సుమారు సగం. ఇక్కడైతే క్యాబిన్ కంటే 340 కిలోలు ఎక్కువ ఉండాలి. ఏతం చూసినవాళ్లకి ఇది తేలిగ్గా తెలుస్తుంది: వెనక బరువు ఉంటుంది కాబట్టి ఖాళీ బానను వదిలేస్తే అదే పైకి లేస్తుంది. ఖాళీ క్యాబిన్ పైకి పోయేటప్పుడు మోటారు లాగదు, పట్టి ఆపుతుంది. నిండు క్యాబిన్ కిందికి వచ్చేటప్పుడూ అంతే. ఈ రెండు సందర్భాల్లో మోటారు జనరేటర్ అవుతుంది. బరువు దిగుతున్నంతసేపూ కరెంటు డ్రైవ్‌లోకి వెనక్కి వస్తూనే ఉంటుంది. ఆగేటప్పుడు మాత్రమే కాదు, ప్రయాణం మొత్తం వస్తుంది. అందుకే ఆపే సమయం పెంచినా ఫలితం రాలేదు. వేగం తగ్గించినా అంతే. బరువు దిగే ఎత్తు మారనప్పుడు ఒక ప్రయాణంలో వచ్చే మొత్తం శక్తీ మారదు, కాస్త మెల్లగా వస్తుంది, అంతే తేడా.

ఇప్పుడు ఆ లాడ్జి తెల్లవారుజామును ఈ కళ్లతో చూడండి. జనం దిగడమే తప్ప ఎక్కేవాళ్లు లేరు. క్యాబిన్ నిండుగా కిందికి వస్తుంది, ఖాళీగా పైకి పోతుంది, మళ్లీ నిండుగా కిందికి. రెండు దిక్కుల్లోనూ మోటారు జనరేటరే. సాయంత్రం కొండ దిగి వచ్చినవాళ్లు నిండుగా పైకి పోతారు, క్యాబిన్ ఖాళీగా దిగుతుంది. అప్పుడు రెండు దిక్కుల్లోనూ మోటారు బరువు మోస్తుంది, వెనక్కి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. పగలు రెండూ కలిసిపోతాయి. మెకానిక్ పగలు పదింటికి వచ్చి, తానొక్కడే ఎక్కి పైకీ కిందికీ తిరిగితే ఏ తప్పూ కనబడకపోవడంలో వింత లేదు. ఈ లాడ్జిలో పరిస్థితి ఇంకాస్త గట్టిది. పెద్ద ఫ్యామిలీ రూములు, డార్మిటరీ పై రెండు అంతస్తుల్లోనే ఉన్నాయి. అంటే నిండు బరువు పూర్తి ఎత్తు నుంచి దిగుతుంది.

పాత మెషిన్‌కి ఈ బాధ లేదే అని ఓనర్ అడిగారు. పాత మెషిన్‌లోనూ బరువులు ఇలాగే దిగేవి. కానీ వర్మ్ గేరు రాపిడికే ఆ శక్తిలో పెద్ద భాగం పోయేది. మిగిలింది నేరుగా లైనుకి కట్టిన మోటారు ద్వారా బిల్డింగ్ కరెంటులోకే పోయేది. మధ్యలో డ్రైవ్ లేదు, కాబట్టి ట్రిప్ అవడానికి ఏమీ లేదు. గేర్‌లెస్ మెషిన్‌లో రాపిడి చాలా తక్కువ. పర్మనెంట్ మాగ్నెట్ మోటారు నష్టాలూ తక్కువ. 1996లో కోనే కంపెనీ మోనోస్పేస్‌తో ఈ తరహా మెషిన్‌ని చిన్న బిల్డింగులకు తెచ్చినప్పటి నుంచి దాని గొప్పగా చెబుతూ వచ్చింది ఈ పొదుపునే. లాగేటప్పుడు తక్కువ నష్టం అంటే పట్టి ఆపేటప్పుడు ఎక్కువ శక్తి వెనక్కి రావడం అని కూడా అర్థం. ఈ రెండో సగం కొటేషన్లలో కనిపించదు.

వెనక్కి వచ్చిన శక్తి ఎటు పోతుంది

డ్రైవ్ ముందు భాగంలో ఏసీని డీసీగా మార్చే డయోడ్ రెక్టిఫయర్ ఉంటుంది. అది లైను నుంచి కరెంటును లోపలికి తీసుకుంటుంది గానీ బయటికి పంపలేదు. 415 వోల్టుల లైనుకి లోపలి డీసీ బస్ దాదాపు 585 వోల్టుల దగ్గర ఉంటుంది. మోటారు నుంచి శక్తి వెనక్కి వస్తే బస్ పైకి లేస్తుంది. ఈ డ్రైవ్‌లో 760 వోల్టులకు బ్రేక్ చాపర్ అనే స్విచ్ ఆన్ అయి, ఆ శక్తిని బయట ఉన్న రెసిస్టర్‌లోకి మళ్లించి వేడిగా కాల్చేస్తుంది. 820 దాటితే ట్రిప్.

ఓనర్ అనుమానం వేరే. తెల్లవారుజామున లోడ్ తక్కువ ఉంటుంది కాబట్టి లైన్ వోల్టేజ్ ఎక్కువ వస్తోంది, దానివల్లే ఇదంతా అని ఎవరో చెప్పారట, స్టెబిలైజర్ పెడదామా అని అడిగారు. వోల్టేజ్ పెరుగుదల నిజమే. పగలు 405 ఉన్నది తెల్లవారుజామున 438 వరకు కనిపించింది. అంటే బస్ 573కి బదులు 619 నుంచి మొదలవుతుంది. కానీ దీని ప్రభావం ఎంతో లెక్క వేయకుండా స్టెబిలైజర్ కొనడం డబ్బు దండగ. ఈ సైజు డ్రైవ్‌లో కెపాసిటర్లు 600 మైక్రోఫారడ్‌ల దగ్గర ఉంటాయి. 573 నుంచి 820 దాకా అవి దాచుకోగలిగేది సుమారు 100 జూళ్లు. 619 నుంచి అయితే 87. వెనక్కి వచ్చేది సెకనుకు 2,000 జూళ్ల పైనే. చాపర్ పనిచేయకపోతే లైన్ వోల్టేజ్ ఎంత ఉన్నా సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోపు ట్రిప్ అవుతుంది. వోల్టేజ్ తేడా వల్ల మారేది కొన్ని మిల్లీసెకన్లే. స్టెబిలైజర్ ఆలోచన అక్కడితో ఆగింది.

మిగిలిన ప్రశ్న ఒక్కటే. చాపర్ ఉంది, రెసిస్టర్ ఉంది, పగలు రెండూ పనిచేస్తున్నాయి. తెల్లవారుజామున ఏమవుతోంది?

కొలతలు

ప్యానెల్ పక్కన ఉన్న రెసిస్టర్ 75 ఓంలు, 500 వాట్లు. 5.5 కిలోవాట్ల డ్రైవ్‌కి కేటలాగ్‌లో మామూలుగా సూచించే రకమే. ఆ సూచన వెనక ఒక ఊహ ఉంది: మొత్తం సమయంలో పదో వంతే బ్రేకింగ్ జరుగుతుందని. డ్రైవ్‌లో కూడా బ్రేక్ వాడకం పరిమితి 10 శాతం దగ్గరే ఉంది. చాపర్ పూర్తిగా ఆన్ అయితే 75 ఓంలలో కాలేది దాదాపు 7.7 కిలోవాట్లు. సగటున అందులో 10 శాతం, అంటే 770 వాట్ల వరకు డ్రైవ్ ఒప్పుకుంటుంది. అది దాటితే రెసిస్టర్‌ని కాపాడటానికి చాపర్‌ని ఆపేస్తుంది. చాపర్ ఆగిందంటే ట్రిప్పే.

ఎంత వస్తోందో కొలవడానికి రెసిస్టర్ తీగకి డీసీని కూడా చదవగల ట్రూ ఆర్‌ఎంఎస్ క్లాంప్ మీటర్ వేశాను. తీగలు ముట్టుకునే ముందు ఒక మాట. ఎంసీబీ దించినంత మాత్రాన డ్రైవ్ చచ్చిపోయినట్టు కాదు. కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజ్ కొన్ని నిమిషాలు మిగిలే ఉంటుంది. పది నిమిషాలు ఆగి, మీటరుతో బస్ చూసుకుని, అప్పుడే చెయ్యి పెట్టాలి. రోజూ ఎంసీబీ దించి ఎత్తి రీసెట్ చేసే అలవాటు కూడా మంచిది కాదు. ప్రతిసారీ ఖాళీ కెపాసిటర్లు నిండటానికి పెద్ద కరెంటు లాగుతాయి. దాన్ని అదుపు చేసే ప్రీచార్జ్ రెసిస్టర్ వరసగా దెబ్బలు తిని ఒకరోజు పోతుంది.

టాప్ స్పీడును మళ్లీ 1 మీటరుకి తెచ్చి, ఖాళీ క్యాబిన్‌ని గ్రౌండ్ నుంచి ఐదో అంతస్తుకి పంపితే ప్రయాణంలో 6.1 ఆంపియర్లు వచ్చింది. 75 ఓంలకు అది 2.8 కిలోవాట్లు. ఇది నా లెక్క కంటే ఎక్కువ. కౌంటర్ వెయిట్ 340 కిలోలే ఎక్కువ ఉంటే 2.4 దాటకూడదు. ట్రిప్‌లు ఎక్కువగా పైకి పోతున్నప్పుడే రావడం గుర్తొచ్చింది. కౌంటర్ వెయిట్ బరువు మీద అనుమానం అప్పుడు గట్టిపడింది.

బ్యాలెన్స్ చూడటానికి లాడ్జిలో ఉన్న 20 లీటర్ల నీళ్ల క్యాన్లే వాడాం. ఒక్కోదాన్నీ తూకం వేసి క్యాబిన్‌లో పేర్చి, షాఫ్ట్ మధ్యలో, అంటే క్యాబిన్, కౌంటర్ వెయిట్ ఎదురెదురుగా వచ్చే చోట, పైకీ కిందికీ పోతున్నప్పుడు డ్రైవ్ చూపే టార్క్‌ని రాసుకున్నాం. అక్కడైతే రోప్ బరువు రెండు వైపులా సమానమవుతుంది. రెండు దిక్కుల్లో టార్క్ సమానమైన చోట లోపల ఉన్న బరువే బ్యాలెన్స్. అది 340 దగ్గర రావాలి. 400 దగ్గర వచ్చింది, అంటే 59 శాతం. కారణం వెతికితే దొరికింది. పాత క్యాబిన్‌లో గ్రానైట్ ఫ్లోరు, బరువైన ఇనుప పలకలు ఉండేవి. కొత్తది తేలికైన స్టీల్ క్యాబిన్. క్యాబిన్ మార్చినప్పుడు కౌంటర్ వెయిట్ బిళ్లలు తగ్గించలేదు.

ఇక్కడ తొందరపడి, అసలు దోషం కౌంటర్ వెయిట్‌దే అనుకోకూడదు. రెండు బిళ్లలు తీసి బ్యాలెన్స్‌ని 50 శాతానికి తెచ్చాక ఖాళీగా పైకి పోయేటప్పుడు కరెంటు 5.6 ఆంపియర్లకు, అంటే 2.35 కిలోవాట్లకు దిగింది. కానీ నిండుగా దిగేటప్పుడు అంతే మేర పెరిగింది. కౌంటర్ వెయిట్ ఎంత ఉన్నా, నిండుగా దిగడం, ఖాళీగా ఎక్కడం రెండూ కలిపితే తేడా బరువు మొత్తం 680 కిలోలే. ఒకదాంట్లో తగ్గింది రెండోదాంట్లో చేరుతుంది. బ్యాలెన్స్ సరిచేయడం మోటారుకి, బ్రేక్‌కి, రోప్ పట్టుకి అవసరం, అందుకే చేశాం. రెసిస్టర్ బాధను అది తీర్చదు.

రెసిస్టర్ లెక్క ఇది. 15 మీటర్ల ప్రయాణానికి ఆగడం, మొదలవడం కలిపి దాదాపు 18 సెకన్లు. ఒక్కో ప్రయాణంలో సుమారు 38 కిలోజూళ్లు రెసిస్టర్‌కి పోతాయి. నిండుగా దిగి, తలుపు తెరిచి, సంచులతో జనం బయటికొచ్చి, ఖాళీగా పైకి పోయి, మళ్లీ జనం ఎక్కేదాకా ఒక రౌండ్‌కి 70 సెకన్లు. రౌండ్‌కి 76 కిలోజూళ్లు. సగటున దాదాపు 1,080 వాట్లు. డ్రైవ్ ఒప్పుకునేది 770. రెసిస్టర్ తట్టుకునేది 500. రద్దీ కాసేపే ఉంటే సగటు ఇంత దూరం పోదు, అందుకే మామూలు రోజుల్లో ట్రిప్‌లు అరుదు. రద్దీ గంట దాటి నిలకడగా సాగితే ట్రిప్ తప్పదు. చాపర్‌ని ఆపిన డ్రైవ్ తన పని తాను సరిగ్గానే చేసింది.

ఇదే డ్రైవ్‌లో ఆ 10ని 100కి మార్చి ట్రిప్ పోగొట్టడం నిమిషం పని. చాలామంది చేస్తున్న పని కూడా అదే. దయచేసి చేయకండి. 500 వాట్ల రెసిస్టర్‌లో 1,080 వాట్లు కాలుతుంటే అది ఎర్రబడుతుంది. పక్కన ప్యానెల్ తీగల ఇన్సులేషన్ కరుగుతుంది. పైన మెషిన్ రూమ్, కింద నిద్రపోతున్న యాత్రికులు.

చేసిన పని

కొత్త సైజు రెసిస్టర్ కోసం ఎదురుచూడలేదు. అదే 75 ఓంలు, 500 వాట్ల రకం ఇంకో మూడు తెప్పించాం. రెండేసి సిరీస్‌లో కలిపి, ఆ రెండు జతలను పారలల్ చేస్తే మళ్లీ 75 ఓంలే వస్తాయి, సామర్థ్యం మాత్రం 2,000 వాట్లు. ఓంలు తగ్గించకపోవడం ముఖ్యం. ప్రతి డ్రైవ్‌కి కనీసం ఇన్ని ఓంలు ఉండాలని పుస్తకంలో ఉంటుంది. అంతకన్నా తక్కువ పెడితే చాపర్‌లో స్విచ్‌గా పనిచేసే ఐజీబీటీ పోతుంది. నాలుగూ ఒకే రకం అయితేనే వేడి సమానంగా పంచుకుంటాయి. వాడకం పరిమితిని 20 శాతానికి, అంటే 1,540 వాట్లకు పెట్టాం. ఒక థర్మల్ స్విచ్ కూడా బిగించాం. దాన్ని రెసిస్టర్ తీగలో కాకుండా ప్యానెల్ ఇన్‌పుట్‌కి ఇచ్చాం. రెసిస్టర్ వేడెక్కితే లిఫ్ట్ దగ్గరి ఫ్లోర్‌లో ఆగి, తలుపు తెరిచి, చల్లారేదాకా నిలబడుతుంది. మనుషుల్ని మధ్యలో వదలదు.

ఎక్కడ పెట్టాలన్న దాని మీద కాస్త చర్చ జరిగింది. టెర్రస్ మీద మెషిన్ రూమ్, పైన శ్లాబు ఎండకి కాగుతుంది. మే నెలలో తిరుపతిలో బయటే 40 దాటుతుంది. లిఫ్ట్ ప్రమాణాలు మెషిన్ రూమ్‌కి పెట్టిన పై హద్దు కూడా 40 డిగ్రీలే. ఆ గదిలోనే ఒక కిలోవాట్ హీటర్ లాంటిది పెట్టుకుంటే ముందు దెబ్బతినేది డ్రైవ్‌లోని కెపాసిటర్లు. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. అందుకని రెసిస్టర్లను గది బయట, గోడకి, చిల్లుల ఇనుప పెట్టెలో పెట్టాం. నవంబరు వానలు ఇక్కడ ఏటవాలుగా కొడతాయి కాబట్టి పైన రేకు చూరు దించాం. లోపలికి తీగ పొట్టిగా, వేడిని తట్టుకునే స్లీవ్‌తో. గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది గానీ దాని ఎదురుగా గాలి లోపలికి వచ్చే దారి లేదు, అదీ తెరిచాం.

తర్వాత పారామీటర్లు. పూర్తి వేగం, యాక్సిలరేషన్ సెకనుకు సెకనుకు 0.6 మీటర్లు, మొదట్లో చివర్లో వంపు మెత్తగా. ఫ్లోర్ లెవెల్ తేడా 5 మిల్లీమీటర్ల లోపుకి వచ్చింది. మొదలయ్యేటప్పుడు చిన్న కుదుపు ఉండేది. మోటారు టార్క్ పట్టకముందే బ్రేక్ వదలడం దానికి కారణం. బ్రేక్ ఆలస్యాన్ని సరిచేస్తే పోయింది.

తర్వాతి పెరటాసి శనివారం రద్దీలో రెసిస్టర్ తీగ మీద గంట సగటు 3.8 ఆంపియర్లు చూపించింది, 1,080 వాట్లకు కొంచెం అటూఇటూ. కాగితం మీది లెక్క అంత దగ్గరగా రావడం సంతోషం కలిగించింది. పెట్టె లోపల రెసిస్టర్ ఒళ్లు 170 డిగ్రీల దగ్గర నిలిచింది. ఆ సీజన్ మొత్తంలో ఓవర్ వోల్టేజ్ ట్రిప్ లాగ్‌లో ఒక్కటీ లేదు.

ఓనర్ అడిగిన ఇంకో ప్రశ్న

"అంత కరెంటు వేడి చేసి గాల్లో వదిలే బదులు మళ్లీ లైన్‌కే పంపలేమా?" పంపవచ్చు. రీజనరేటివ్ యూనిట్లు ఉన్నాయి, ఎత్తైన బిల్డింగుల్లో వాటిని నేనే సిఫారసు చేస్తాను. ఇక్కడ లెక్క చూడండి. రౌండ్‌కి 76 కిలోజూళ్లు, ఒక యూనిట్ కరెంటు అంటే 3,600. అంటే 47 రౌండ్లకు ఒక యూనిట్, దాదాపు గంట రద్దీ. రోజుకి మూడు నాలుగు గంటల రద్దీ వేసుకున్నా మూడు నాలుగు యూనిట్లు. ఐదంతస్తుల లాడ్జికి ఆ రీజనరేటివ్ యూనిట్ ధర తిరిగి రావడం కష్టం. ఆ డబ్బుతో క్యాబిన్‌లో ఇంటర్‌కమ్, ఎమర్జెన్సీ లైట్, ఏఆర్‌డీ (కరెంటు పోతే లిఫ్ట్‌ని దగ్గరి ఫ్లోర్‌కి చేర్చే పరికరం) బ్యాటరీలు బాగుచేయించమన్నాను. చేయించారు.

నైట్ డ్యూటీ కుర్రాళ్లకు రెస్క్యూ నేర్పడం ఈ కేసులో నేను చాలా సమయం పెట్టిన పని. ముందు మెయిన్ ఆఫ్ చేయాలి. లోపలివాళ్లతో ఇంటర్‌కమ్‌లో మాట్లాడాలి, తమిళం వచ్చినవాడు మాట్లాడితే ఇంకా మేలు, పెరటాసి నెలలో సగం మంది తమిళులే. తర్వాత బ్రేక్ లివర్‌ని కొంచెం కొంచెం వదులుతూ క్యాబిన్‌ని ఫ్లోర్‌కి తేవాలి. బరువు ఎటు ఎక్కువ ఉంటే అటే కదులుతుంది. నిండు క్యాబిన్ కిందికి, ఖాళీది పైకి. ఈ ప్యానెల్‌లో ఆగినప్పుడు మోటారు వైండింగ్‌ను షార్ట్ చేసే కాంటాక్ట్ ఉంది కాబట్టి బ్రేక్ వదిలినా క్యాబిన్ నెమ్మదిగానే పాకుతుంది. ఫ్లోర్‌కి సమంగా వచ్చాకే తలుపు తీయాలి. లివర్ ఎవరు పట్టుకోవాలో, ఎవరు పట్టుకోకూడదో పేర్లతో రాసి మెషిన్ రూమ్ తలుపు లోపల అంటించాం.

అదే ఓనర్‌కి తిరుచానూరు రోడ్డులో ఒక కళ్యాణ మండపం ఉంది. దానికీ ఇదే డ్రైవ్, ఇదే గేర్‌లెస్ మెషిన్, ఇదే 500 వాట్ల రెసిస్టర్. అక్కడ కూడా నాలుగు రెసిస్టర్లు పెట్టేద్దామా అన్నారు. ముందు ఆ బిల్డింగులో జనం ఏ వేళ ఎటు కదులుతారో చూశాం. భోజనాల హాలు పైన ఉంది. ముహూర్తం కాగానే అందరూ ఒకేసారి పైకి పోతారు, దిగడం మాత్రం పంక్తుల వారీగా, విడివిడిగా జరుగుతుంది, చాలామంది మెట్ల మీదే దిగిపోతారు. అక్కడ కాగేది రెసిస్టర్ కాదు, డ్రైవ్ హీట్‌సింక్. రద్దీలో రెసిస్టర్ తీగలో సగటు 1.6 ఆంపియర్లు దాటలేదు, అంటే 200 వాట్లు. రెసిస్టర్‌ని అలాగే ఉంచి, ప్యానెల్ ఫ్యాన్ మార్చి, హీట్‌సింక్ దుమ్ము దులిపించాం.